పారుడు తగ్గి మళ్లీ మొదలైంది, దూడకి ఇంకో కోర్సు మాత్రలు వెయ్యాలా?

ప్రశ్న: మా గేదె దూడకి 40 రోజులు. రెండు వారాల కిందట పారుకుంటే మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ మాత్రలు రెండు రోజులు వేసి, తగ్గిందని ఆపేశాం. వారం తిరక్కుండా మళ్లీ పట్టుకుంది. పేడ తెల్లగా బంకమట్టిలా వస్తోంది, బాగా కంపు. పాలు సరిగ్గా కుడవడం లేదు. ఇంకా గట్టి మాత్ర ఏదైనా చెప్పండి. పెరుగు పోస్తే సర్దుకుంటుందా?
– ఒక మహిళా రైతు, గజపతినగరం మండలం, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, గట్టి మాత్ర వద్దు. ఉన్నవి కూడా మళ్లీ వెయ్యకండి.

దూడ పేగుల్లో వందల రకాల బ్యాక్టీరియా కాపురం ఉంటాయి. చోటు, తిండి అవే పట్టుకుని కూర్చుంటాయి కాబట్టి బయటి నుంచి వచ్చిన చెడ్డ క్రిమికి నిలబడే జాగా దొరకదు. మనం వేసిన మాత్రకి మంచిదేదో చెడ్డదేదో తెలీదు, పొలంలో కలుపుతోపాటు పైరు మీద కూడా మందు కొట్టినట్టే. రకాలు తగ్గిపోతాయి, మందుకి లొంగని మొండివి మిగిలి ఖాళీ అయిన చోటంతా ఆక్రమిస్తాయి. 1954లో అమెరికాలో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, జబ్బు రావాలంటే సాల్మొనెల్లా అనే పేగు జబ్బు క్రిములు లక్ష దాకా తాగించాల్సి వచ్చేది, అదే ముందుగా స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక్క డోసు పట్టించిన ఎలుకలకి పది కూడా అక్కర్లేకపోయింది. పేగు ఎంత బలహీనపడుతుందో చూడండి. ఆ రకాలన్నీ తిరిగి రావడానికి వారాలు పడుతుంది, ఈలోపు ఇంకో కోర్సు వేస్తే మళ్లీ మొదటికే వస్తాం.

అసలు మీ దూడకి ఆ మాత్రలతో పని ఉందా అన్నది నా అనుమానం. ఈ వయసు గేదె దూడ తెల్లగా బంకమట్టిలా, కంపు కొడుతూ పారుతోందంటే నేను ముందు చూసేది ఏలికపాముల కోసమే. తల్లి పాలతోనే వస్తాయవి, యాంటీబయాటిక్‌కి చావవు. మీరు నట్టల మందు పట్టించారో లేదో రాయలేదు. పుట్టిన 10 నుంచి 15 రోజుల్లో మొదటిసారి పట్టించాల్సింది, ఇప్పుడైనా దూడ బరువు చూసి డాక్టరు గారు చెప్పిన మోతాదులో పట్టించండి.

పారుడులో దూడని చంపేది ముందుగా నీళ్లు, లవణాలు పోవడమే. మెడ మీద చర్మం రెండు వేళ్లతో పట్టి లాగి వదలండి, వెంటనే సర్దుకోకుండా ముడతలా నిలబడిందంటే, కళ్లు లోపలికి పోయాయంటే, చెవులు చల్లగా తగిలాయంటే ఆలస్యం చెయ్యకుండా పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చెయ్యండి, సెలైన్ పెట్టాల్సి రావచ్చు. పేడలో రక్తం పడినా, జ్వరం ఉన్నా అంతే. అలాంటప్పుడు యాంటీబయాటిక్ కావాలో లేదో డాక్టరే తేలుస్తారు, కావాలంటే మాత్రం చెప్పినన్ని రోజులూ వెయ్యాలి, తగ్గిందని మధ్యలో మానకూడదు. గట్టి మందుల్లో లెక్కేసే కొలిస్టిన్‌ని పశువులకి, కోళ్లకి, చేపల చెరువులకి వాడకూడదని 2019 జులైలో కేంద్రం నిషేధించింది, ఎవరైనా ఇచ్చినా తీసుకోకండి.

దూడ లేచి తిరుగుతుంటే మాత్రం టెన్షన్ పడకండి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో మనం వాడే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒకటి కలిపి, రోజుకి రెండు మూడు లీటర్లు, నాలుగైదు సార్లుగా తాగించండి. పాలు మానిపించొద్దు, పాలకీ దీనికీ రెండు గంటలు తేడా ఉంచండి. గొట్టంతో బలవంతంగా పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే ఆ దూడ దక్కడం కష్టం.

పెరుగు రెండు చెంచాలు పోస్తే నష్టం లేదు గానీ అందులో ఉండేవి కొద్ది రకాలే, పోయిన వందల రకాలూ దాంతో రావు. తల్లి దగ్గర ఉండి, దాని నాకుడు తగిలి, అది మేసే లేత గడ్డి కొరికితే మెల్లగా అవే చేరతాయి. మిగతా దూడలకి మాత్రం దూరంగా కట్టండి, కింద రోజూ ఊడ్చి పొడిగడ్డి వెయ్యండి.

రేపు పొద్దున వేసిన తాజా పేడ కొంచెం మూత ఉన్న డబ్బాలో పట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఏలికపాముల గుడ్లున్నాయో లేదో మైక్రోస్కోపులో చూస్తారు. వేసిన మాత్రల అట్ట పారెయ్యకుండా ఉంటే అదీ పట్టుకెళ్లండి, ఏ మందు పడిందో వాళ్లకి తెలియాలి.