ఒక్కదానివే బరువులు కారెక్కించేటప్పుడు

అమ్మడూ,

కారు చిన్నది, స్పీకర్లు పెద్దవి, సాయానికి మనిషి లేడు, ఎలా ఎక్కించాలి మామయ్యా అని అడిగావు. ఎవరో ఒకరు వచ్చేదాకా ఆగమని చెప్పడం తేలికే. కానీ సౌండ్ పనిలో ప్రోగ్రాం అయిపోయాక చివరికి సామాను పక్కన మిగిలేది మనమే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది ముందే చెప్తాను. సామాను మొత్తం బరువు ఏ క్షణంలోనూ నీ చేతుల మీదికి రాకూడదు. దాని ఒక అంచు ఎప్పుడూ నేల మీదో, బల్ల మీదో, డిక్కీ గడప మీదో ఆని ఉండాలి. అలా ఆని ఉన్నంతసేపు నువ్వు మోసేది దాదాపు సగమే. 30 కిలోల స్పీకర్‌ని అమాంతం ఎత్తితే 30 కిలోలూ నీ నడుము మీదే. ఒక చివర ఆనించి రెండో చివర లేపితే 15. ఈ పనిలో నడుము పోగొట్టుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లలో బలం లేనివాళ్లు తక్కువ, ఆనించకుండా ఎత్తినవాళ్లే ఎక్కువ.

అంకెలు కూడా తెలుసుకో. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం గురించి పరిశోధించే నియోష్ సంస్థ 1991లో సవరించిన లెక్క ఒకటుంది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే బరువు ఒంటికి దగ్గరగా, సరైన ఎత్తులో, ఒళ్లు మెలితిరగకుండా ఉన్నప్పుడు, ఎత్తదగ్గ గరిష్ఠ బరువు 23 కిలోలు. అదే బరువు నీ చీలమండల నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో కాకుండా 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ 23 కాస్తా పదకొండున్నరకు పడిపోతుంది. డిక్కీ దగ్గర జరిగేది సరిగ్గా ఇదే. బంపర్ అడ్డుగా ఉంటుంది, చేతులు ముందుకు చాపాలి, నడుము వంచాలి. బ్రిటన్‌లోని ఆరోగ్య, భద్రతా సంస్థ ఆడవాళ్లకు సూచించేది ఇంకా తక్కువ. నడుము ఎత్తులో, ఒంటికి ఆనించుకుని పట్టుకున్నా 16 కిలోలే. కాబట్టి నా మాట విను. ఒక చివర ఆనించే ఎత్తితే నీ చేతికొచ్చేది సగమే కాబట్టి, 30 కిలోల దాకా ఉన్న డబ్బా ఒక్కదానివే ఎక్కించు. అంతకుమించితే విడదీయడమో, మనిషిని పిలవడమో చెయ్యి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

విడదీయడం అన్నాను కదా, చాలామంది అది చెయ్యరు. ర్యాక్‌లో, అంటే సౌండ్ పరికరాలు బిగించే పెట్టెలో, రెండు యాంప్లిఫైయర్లు, మిక్సర్, కేబుళ్లు అన్నీ ఉంచేసి ర్యాక్ మొత్తాన్ని లాగుతారు. యాంప్లిఫైయర్ ఒక్కటి బయటికి తీస్తే ర్యాక్ బరువు ఎంత తగ్గుతుందో ఒకసారి తూచి చూడు. బాత్రూమ్ తూకం చాలు. ముందు నువ్వు ఎక్కు, తర్వాత వస్తువును ఒంటికి ఆనించి పట్టుకుని ఎక్కు, తేడా రాసుకో. పెద్ద డబ్బాలను మాత్రం ఇలా చేత్తో పట్టుకుని తూచొద్దు, వాటి కాగితాల్లో బరువు ఉంటుంది. ప్రతి డబ్బా మీదా ఆ అంకె మార్కర్‌తో పెద్దగా రాయి. దాని పక్కనే బరువు ఏ వైపు ఎక్కువో బాణం గుర్తు వెయ్యి. స్పీకర్‌లో అయస్కాంతం ఉండేది జాలీ వైపే కాబట్టి ముందువైపు ఎక్కువ తూగుతుంది. పాతకాలపు యాంప్లిఫైయర్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వైపు తూగుతుంది. బాణం గుర్తున్న చివర ఆనాలి, తేలిక చివర నీ చేతికి రావాలి.

ఇక ఎక్కించే పద్ధతి. కారును సమతలంగా ఉన్నచోట ఆపు. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేర్‌లో కూడా పెట్టు. నువ్వు తోసేటప్పుడు బండి కదిలితే పని మధ్యలో చెయ్యి అడ్డుపెట్టాల్సి వస్తుంది. ఆ పని ఎప్పుడూ చెయ్యకు. జారే వస్తువును వదిలెయ్. డబ్బా మళ్లీ కొనుక్కోవచ్చు.

చిన్న కార్లలో డిక్కీ గడప నేల నుంచి సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. నీ స్పీకర్లు అంత పొడవు లేకపోతే వాటిని నేల మీది నుంచి నేరుగా గడపకు ఆనించలేవు. అందుకని మధ్యలో ఒక మెట్టు కావాలి. గడప ఎత్తులో సగం, అంటే 35 సెంటీమీటర్ల ఎత్తు, గట్టి ప్లైవుడ్‌తో చేసిన పెట్టె. కింద రబ్బరు అతికించు, జారదు. లోపల కేబుళ్లు పెట్టుకోవచ్చు, కాబట్టి చోటూ వృథా కాదు. ప్లాస్టిక్ స్టూలు మాత్రం వద్దే వద్దు.

డబ్బాను మూలల మీద అటూ ఇటూ ఒరిగిస్తూ నడిపించి పెట్టె దగ్గరికి తీసుకురా. దాన్ని పెట్టె మీదికి ఒరిగించి ఆనించు. మోకాళ్లు వంచి కింది అంచు పట్టుకుని లేపు, అది వెల్లకిలా పెట్టె మీద పడుకుంటుంది. ఇక్కడ ఊపిరి తీసుకో. తర్వాత కారు వైపున్న చివర లేపి గడప మీద ఆనించు. వెనక్కి వచ్చి రెండో చివర లేపి లోపలికి తోయి. డబ్బాలో సగానికి పైగా గడప దాటాక బరువు నీది కాదు, కారుది. ఈ మొత్తం పనిలో నీ పాదాలు ఎటు ఉంటే నడుమూ అటే ఉండాలి. పక్కకు తిరగాలంటే అడుగులు వేసి తిరుగు.

లోపలికి జరపడానికి చిట్కా ఏమిటంటే, డిక్కీలో పరిచిన కార్పెట్ వస్తువును పట్టేస్తుంది. దాని మీద గట్టి అట్ట ఒకటి వెయ్యి. సామాను సులువుగా జారుతుంది. దించేటప్పుడు అట్ట అంచు పట్టుకుని లాగితే సామాను దానితో పాటే గడప దాకా వస్తుంది. గడప మీద, బంపర్ మీద పాత దుప్పటి మడత పెట్టి వెయ్యి. చాలా కార్లలో డిక్కీ అడుగు గడపకన్నా లోతుగా, గుంటలా ఉంటుంది. ఎక్కించేటప్పుడు పర్వాలేదు కానీ, దించేటప్పుడు ఆ గుంటలోంచి పైకి లాగడమే నడుముకు అసలు పరీక్ష. గుంటను థర్మోకోల్, దాని మీద ప్లైవుడ్ వేసి గడపకు సమం చెయ్యి. ఒక్క పూట పని, ఆ తర్వాత ఎన్నాళ్లైనా సుఖపడతావు.

చెక్క పలక ఏటవాలుగా వేసి దాని మీద నుంచి తోస్తే బలం తక్కువ పడుతుంది కదా అని నీకు అనిపించవచ్చు. లెక్క నిజమే. 2 మీటర్ల పలక 70 సెంటీమీటర్ల ఎత్తుకు వేస్తే, చక్రాలున్న డబ్బాకు బరువులో మూడో వంతుకు కాస్త పైన బలం చాలు. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు నాకది నచ్చదు. చెయ్యి జారితే డబ్బా తిన్నగా నీ మీదికే వస్తుంది, ఆపడానికి పైన ఎవరూ ఉండరు. ఇద్దరున్నప్పుడు వాడుకో, అప్పుడు కూడా పలక పై చివర కారుకు కట్టి మరీ.

ఎక్కించాక ఎక్కడ ఉంచాలన్నది కూడా అంతే ముఖ్యం. అన్నిటికన్నా బరువైనది అడుగున, వెనక సీటు వీపుకు ఆనించి ఉండాలి. వెనక చక్రాలకు అవతల, డిక్కీ తలుపు దగ్గర బరువు పెడితే కారు ముందుభాగం తేలికవుతుంది. స్టీరింగ్ పట్టు తగ్గుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి. కారు ఎంత బరువు మోయగలదో మాన్యువల్‌లో ఉంటుంది, అందులో నీ బరువు కూడా కలిపే లెక్క. టైర్ల గాలి నిండు లోడ్‌కు ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు పక్క స్టిక్కర్ మీద చూడు.

కట్టడం మానొద్దు. 50 కిలోమీటర్ల వేగం అంటే మూడంతస్తుల పైనుంచి, అంటే దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి కింద పడ్డప్పుడు వచ్చే వేగం. అంత వేగంలో కారు గుద్దుకుంటే, కట్టని స్పీకర్ అదే వేగంతో నీ సీటు వైపు వస్తుంది. చాలా కార్ల డిక్కీలో కొక్కేలు ఉంటాయి, వాటికి రాచెట్ బెల్టు, అంటే మీటతో బిగించే పట్టీ, వేసి బిగించు. వెనక సీటు మడవకుండా ఉంచితే, ఎవరూ కూర్చోకపోయినా దాని సీటుబెల్టులు అడ్డంగా పెట్టెయ్. సీటు వీపుకు అదనపు బలం. స్టాండ్లు పొడవుగా ఉంటాయి కాబట్టి నీ పక్క సీటు వైపు పడుకోబెట్టి వాటినీ కట్టు. గేర్ మీదికి ఏదీ దొర్లకూడదు.

చాలాసేపు డ్రైవ్ చేసి దిగిన వెంటనే బరువు పట్టుకోకు. కూర్చున్న నడుము వెంటనే పనికి సిద్ధంగా ఉండదు, ఐదు నిమిషాలు నడిచి మొదలుపెట్టు. రాత్రి ప్రోగ్రాం అయ్యాక ఒళ్లు అలిసి, ఇంటికెళ్లాలన్న తొందరలో ఉంటాం. దెబ్బలు ఎక్కువగా తగిలేది అప్పుడే. ఆ సమయానికి ముందుగానే ఎవరితోనైనా మాట్లాడి పెట్టుకో, సామాను ఎక్కించేటప్పుడు పది నిమిషాలు నిలబడమని. కాలివేళ్లు పూర్తిగా మూసే బూట్లు, అరచేతికి రబ్బరు ఉన్న గ్లవ్స్ వేసుకో. ఉంగరం తీసెయ్.

నీ డిక్కీ వెడల్పు, లోతు, గడప ఎత్తు, గుంట లోతు కొలిచి పంపు. ఒక్కో డబ్బా కొలతలు, బరువు కూడా రాయి. మధ్య మెట్టు పెట్టెకు, ప్లైవుడ్ అడుగుకు కొలతలతో బొమ్మ గీసి నేను పంపిస్తాను. ఏది ముందు ఎక్కాలో వరుస కూడా అందులోనే రాస్తాను. అప్పటిదాకా ఆ పెద్ద సబ్‌వూఫర్ జోలికి ఒక్కదానివే వెళ్లకు.

ఆశీస్సులతో,
మామయ్య