పాత బిజూ స్వాస్థ్య కార్డు ఉన్నవాళ్లు ఆయుష్మాన్ కార్డు కూడా తీసుకోవాలా?

పాత బిజూ స్వాస్థ్య కార్డు ఉంటే చాలదా, కొత్త ఆయుష్మాన్ కార్డు వేరుగా తీసుకోవాలా, అమ్మగారిని గుండె చికిత్సకు విశాఖపట్నం తీసుకువెళ్తే అక్కడ అది చెల్లుతుందా అని మీరు అడిగారు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా నాన్నగారికి స్టెంట్ వేయించవలసి వచ్చినప్పుడు మేమూ ఈ దారినే వెళ్లాం కనుక, చూసినది చూసినట్టు రాస్తున్నాను.

కొత్త కార్డు తప్పక తీసుకోండి. 2018లో మొదలైన రాష్ట్ర ఉచిత వైద్య పథకం బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజన స్థానంలో 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్, రాష్ట్ర పథకం గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి నడుస్తున్నాయి. సొమ్ములో మార్పేమీ లేదు. అప్పుడూ ఇప్పుడూ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స, ఆడవారికి అదనంగా మరో 5 లక్షలు. ముఖ్యంగా మారినది కార్డు. పాతది ఇంటిల్లిపాదికీ ఒక్కటి ఉండేది. ఇప్పుడు మనిషికొక కార్డు, అదీ ఎవరి ఆధార్‌తో వారు ఈ-కేవైసీ చేయించుకుంటేనే వస్తుంది. మీ అమ్మగారికి 70 ఏళ్లు నిండి ఉంటే ఆదాయంతో నిమిత్తం లేకుండా వయ వందన అనే వృద్ధుల ఆయుష్మాన్ కార్డు కూడా ఇస్తారు.

మన తెలుగు కుటుంబాలకు చిక్కు వచ్చేది ఈ-కేవైసీ దగ్గరే. అర్హతకు ఆధారం రేషన్ జాబితా. అందులో మా నాన్నగారి పేరు ఒడియా వారి పద్ధతిలో ఇంటిపేరు చివరకు చేర్చి ఉంది. ఆధార్‌లోనేమో ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంగా ఉంది. రెండూ సరిపోలకపోవడంతో కార్డు వెంటనే రాక, దరఖాస్తు పై అధికారుల పరిశీలనకు వెళ్లింది, అది తేలేవరకు ఆపరేషన్ వాయిదా పడింది. కాబట్టి ఆసుపత్రి మాట తర్వాత, ముందు ఆ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇంతకంటే గట్టి చిక్కు ఆంధ్ర నుంచి వచ్చిన కోడళ్లది. మా తమ్ముడి భార్యది పాతపట్నం. పెళ్లై ఇన్నేళ్లైనా ఆమె పేరు పుట్టింటివారి బియ్యం కార్డులోనే ఉండిపోయింది. ఆ ఆధార్ సంఖ్య అక్కడ నమోదై ఉన్నంతకాలం ఇక్కడి రేషన్ కార్డులోకి ఎక్కదు, రేషన్ కార్డులో లేనిదే ఆయుష్మాన్ కార్డు రాదు. అక్కడి గ్రామ సచివాలయంలో పేరు తీయించి, ఆ కాగితం ఇక్కడ చూపించి చేర్పించడానికి చాలా కాలమే పట్టింది. మీ ఇంట్లోనూ అటువంటివారు ఉంటే జబ్బు వచ్చేవరకు ఆగకండి. రెండు రాష్ట్రాలకూ చెందిన మనిషిని ఏ రాష్ట్రమూ లెక్కలోకి తీసుకోకపోవడం సరిహద్దున ఉన్న మనకు కొత్త కాదు లెండి.

ఇక విశాఖ సంగతి. పాత పథకంలోనూ రాష్ట్రం వెలుపలి ఆసుపత్రులు కొన్ని ఉండేవి, కానీ ఆయుష్మాన్ జాబితా దేశమంతటికీ విస్తరించినది. నా దృష్టిలో మనకు నిజంగా కలిసివచ్చినది ఇదొక్కటే. అయితే ఆసుపత్రి పేరు జాబితాలో ఉన్నంత మాత్రాన సరిపోదు, మీకు కావలసిన విభాగానికి కూడా అనుమతి ఉండాలి. మేము మొదట వెళ్లిన ప్రైవేటు ఆసుపత్రిలో ఎముకల విభాగానికే అనుమతి ఉందని, గుండెకు డబ్బు కట్టాలని కౌంటర్‌లో చెప్పారు; అక్కడినుంచి మరో చోటికి మారాం. బయలుదేరే ముందే ఆయుష్మాన్ సహాయ కేంద్రం 14555కు ఫోన్ చేసి విభాగం పేరుతో సహా అడగండి. అక్కడికి చేరాక డబ్బు కౌంటర్‌కు కాక, నేరుగా ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆయుష్మాన్ మిత్ర దగ్గరకు వెళ్లి ముందస్తు అనుమతి పెట్టించండి.

చేతి ఖర్చు మాత్రం ఉంచుకోండి. పథకం వర్తించేది ఆసుపత్రిలో చేరినప్పుడే. చేరడానికి ముందు 3 రోజుల పరీక్షలు, ఇంటికి వచ్చాక 15 రోజుల మందులు అందులోకి వస్తాయి. ఆ తర్వాత నెలనెలా వాడే మందులు, రానుపోను ఖర్చులు, తోడు ఉన్నవారి బస మనమే భరించాలి.