ఓహెచ్‌ఎల్ పట్టికలో ఎక్కువ పాయింట్లున్న జట్టు మూడో స్థానంలో ఎందుకుంటుంది?

ఓహెచ్‌ఎల్ అంటే కెనడాకు చెందిన ఒంటారియో హాకీ లీగ్, 16–20 ఏళ్ల కుర్రాళ్లు ఆడే ఐస్ హాకీ: 20 జట్లు, ఒక్కోదానికి 68 మ్యాచ్‌లు. జట్లను రెండు కాన్ఫరెన్స్‌లుగా, అంటే పెద్ద గుంపులుగా విడదీస్తారు; ఒక్కో కాన్ఫరెన్స్‌లో డివిజన్లనే రెండు చిన్న గుంపులు. కాన్ఫరెన్స్ పట్టికలో మొదటి రెండు స్థానాలు డివిజన్ విజేతలవే. తన డివిజన్‌లో 90 పాయింట్లతో రెండోదైన జట్టు, పక్క డివిజన్‌ను 82తో గెలిచిన జట్టు కింద ఉంటుంది. ఇది అన్యాయమే అనిపిస్తుంది.

గెలుపుకు 2 పాయింట్లు, అదనపు సమయంలోనో షూటౌట్‌లోనో (సమం తేల్చే ఒంటరి షాట్ల పోటీ) ఓడితే 1. ఆడిన మ్యాచ్‌ల సంఖ్య చూడకుండా పాయింట్లు పోల్చొద్దు. డిసెంబరు ఆఖర్లో ప్రపంచ జూనియర్ పోటీలకు మేటి ఆటగాళ్లు వెళ్లిపోతారు. బలమైన జట్లే ఎక్కువ నష్టపోతాయి. చాలామంది బడి పిల్లలు కాబట్టి మ్యాచ్‌లు వారాంతాల్లో కిక్కిరిసి ఉంటాయి. వరుసగా మూడు రోజులు ఆడాల్సొస్తే రెండో గోలీ (గోల్‌కీపర్) సత్తా తేలిపోతుంది. కాన్ఫరెన్స్‌కు 8 జట్లు ప్లేఆఫ్స్‌కు, అంటే టైటిల్ తేల్చే నాకౌట్ దశకు వెళ్తాయి.