సముద్రపు ఉప్పయినా ఉప్పే, రోజుకి ఎంత అంటే మా ఇంటి లెక్క ఇదీ

పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా సముద్రపు ఉప్పు కలుపుకుని తాగితే ఒంట్లో మలినాలన్నీ పోతాయని, బీపీ కూడా దారికొస్తుందని ఏదో వీడియోలో చూశానన్నారు. మీ అమ్మగారి పథ్యంలో రోజుకి ఉప్పు ఎంత పెట్టాలో అడిగారు. ఆ నీళ్ళు మాత్రం వద్దండి, రేపటి నుంచే మానిపించండి, మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం.

ఎందుకంటే అర చెంచా అంటే రెండున్నర మూడు గ్రాములు. పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, మన హైదరాబాద్ తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కూడా అదే 5 గ్రాములు. అంటే ఇంకా టిఫిన్ నోట్లో పెట్టుకోకముందే ఆవిడ వాటాలో సగం అయిపోయినట్టే. పైగా ఆ 5 గ్రాములు కూరలో వేసేది ఒక్కటే కాదు, పచ్చడి, అప్పడం, బిస్కట్, బయట తిన్న బజ్జీ అన్నీ కలిపి.

సముద్రపు ఉప్పు కాబట్టి ఎక్కువైనా పర్లేదు అనుకుంటారు చాలామంది. మనం షాపులో కొనే మెత్తటి ఉప్పు మాత్రం ఎక్కడిది? దేశంలో ఉప్పు ఎక్కువగా వచ్చేది గుజరాత్ నుంచి, అక్కడా ఎక్కువ భాగం సముద్రపు నీళ్ళని మడుల్లో ఎండబెట్టే తీస్తారు. మన వైపు సముద్రతీరాన ఉన్న చినగంజాంలోనూ ఉప్పునీళ్ళని మడుల్లో ఎండబెట్టే తీస్తారు. తర్వాత దాన్ని శుభ్రం చేసి, మెత్తగా చేసి, అయోడిన్ కలిపి ప్యాకెట్‌లో పోస్తారు. సముద్రపు ఉప్పని అమ్మే దొడ్డుప్పులో మెగ్నీషియం లాంటివి కాస్త ఉంటాయి, నిజమే, కానీ అవి ఒంటికి పట్టేంత కావాలంటే తినాల్సిన ఉప్పుకి బీపీ ఎక్కడికో పోతుంది. అదేదో గుప్పెడు పల్లీల్లో, ఒక పూట తోటకూర పప్పులో అంతకంటే ఎక్కువే దొరుకుతుంది. గులాబీ రంగు సైంధవ లవణం సంగతీ ఇంతే, రేటు తప్ప పెద్ద తేడా లేదు. ఒక చిన్న విషయం, దొడ్డుప్పు చెంచాతో కొలిస్తే పలుకుల మధ్య ఖాళీ ఉండి బరువు తక్కువ తూగుతుంది, అందుకే దాంతో వండితే ఉప్పు తగ్గినట్టు అనిపిస్తుంది. రుచి చూసి మళ్ళీ ఇంకాస్త వేస్తాం కాబట్టి ఆ లాభం కూడా మిగలదు.

ఇక మా ఇంటి సంగతి. మామయ్యకి బీపీ అని తెలిసినప్పుడు డాక్టర్ ఉప్పు తగ్గించమన్నాడు, ఎంత తగ్గించాలో చెప్పలేదు, బయట అంతమంది పేషెంట్లు కూర్చుని ఉంటే ఆయన మాత్రం ఏం చెప్తాడు. మా అత్తమ్మ ఉప్పు చేత్తోనే వేస్తుంది, చెంచా ఇస్తే కోపం. అందుకని నేను చెంచా జోలికే పోలేదు. కొత్త ప్యాకెట్ విప్పినప్పుడు దాని మీద మార్కర్‌తో తేదీ రాసి పెట్టాను. మేం నలుగురం, తలా 5 గ్రాముల లెక్కన రోజుకి 20, కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. మాకు నెల తిరక్కుండానే అయిపోయింది! నెలకి కిలో అనుకున్నా తలా ఎనిమిది గ్రాములు దాటింది, అదీ ఎండాకాలంలో పచ్చళ్ళకి విడిగా తెచ్చిన దొడ్డుప్పు ఇందులో కలపకుండా. "ఇడ్లీ పిండిలో వేసింది కూడా లెక్కేనా?" అంది అత్తమ్మ. అది కూడా మనమే తింటున్నాం కదత్తమ్మా అన్నాను. చికెన్ కడిగిన ఉప్పు మాత్రం లెక్కలోంచి తీసేశాం, అంతవరకు ఆవిడ మాట నెగ్గింది.

మీరు కూడా ఇదే చేయండి, ఏ యాప్‌లూ అక్కర్లేదు. ప్యాకెట్ ఎన్నాళ్ళు వచ్చిందో చూస్తే మీ ఇంటి అసలు సంగతి బయటపడుతుంది.

తగ్గించడం దగ్గర మాకు పని చేసినవి చెప్తాను. కూర ఉడుకుతున్నప్పుడు కాకుండా దించే ముందు ఉప్పు వేస్తే తక్కువతోనే నాలుకకి తెలుస్తుంది. మజ్జిగలో ఉప్పు మానేసి వేయించిన జీలకర్ర పొడి, కరివేపాకు, కాస్త నిమ్మరసం. ఉప్పు డబ్బా డైనింగ్ టేబుల్ మీద ఉండకూడదు, అది కనపడితే చెయ్యి ఊరుకోదు. తొక్కు దగ్గరే అసలు గొడవ. మామయ్యకి మామిడికాయ తొక్కు లేనిదే పెరుగన్నం దిగదు, ఒక చెంచా తొక్కులో గ్రాముకి పైనే ఉప్పు పోతుంది, అలాగని ఆ వయసులో ఆయన్ని పూర్తిగా మానమంటే ఇంట్లో ఎవరికీ ప్రశాంతత ఉండదు. అందుకని తొక్కు ఒక పూటే, అదీ గింజంత ముద్దకి, ఆ పూట చారులో ఉప్పు సగం. మొదట్లో చప్పగా ఉందని కంచం అవతలికి నెట్టేవాడు. కొన్ని వారాలు పోయాక బయట మిర్చి బజ్జీ తిని ఇంత ఉప్పా అని ఆయనే అన్నాడు. బీపీ కొంచెం దిగింది. మాత్ర మాత్రం ఆగలేదు, ఆపమని ఎవరూ అనలేదు, మేమూ అడగలేదు.

ప్యాకెట్ ఫుడ్ మీద ఉప్పు అని కాక సోడియం అని రాస్తారు, దాన్ని రెండున్నరతో గుణించండి. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. సాయంత్రం చాయ్‌లోకి తినే సాల్ట్ బిస్కట్లు, మిక్చర్ వెనక్కి తిప్పి చూస్తే మీకే టెన్షన్ వస్తుంది.

మీ అమ్మగారికి దొడ్డుప్పే ఇష్టమైతే అదే వాడండి, కానీ అయోడిన్ కలిపినది కొనండి, దొడ్డుప్పులో కూడా అలాంటిది దొరుకుతుంది. సముద్రంలోంచి వచ్చింది కదా అయోడిన్ దానంతటదే ఉంటుందనుకోవద్దు, ఎండబెట్టిన ఉప్పులో అది దాదాపు మిగలదు. ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళుంటే ఈ విషయం ఇంకా ముఖ్యం. తెచ్చాక మూత గట్టిగా ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టండి.

ఉప్పు పూర్తిగా మానిపించే పథ్యాలు కూడా చెప్తుంటారు, దాని జోలికి మీ అంతట మీరు వెళ్ళొద్దు. మా వీధిలో ఒక పెద్దావిడ నీరు తీసే బీపీ మాత్ర వేసుకుంటూనే ఉప్పు పూర్తిగా మానేసింది, దానికి తోడు ఆరోగ్యమని బిందెల కొద్దీ నీళ్ళు తాగేది. ఎండల్లో ఒకరోజు సొంత కొడుకునే పోల్చుకోలేకపోయింది, హాస్పిటల్‌కి తీసుకెళ్తే సోడియం బాగా పడిపోయిందన్నారు. రక్తంలో అది లీటరుకి 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి, పెద్దవాళ్ళలో ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

మీ అమ్మగారు ఏ మాత్ర వేసుకుంటున్నారో, కిడ్నీ టెస్ట్ చేయించారో లేదో మీరు రాయలేదు. మెడికల్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరికే సోడియం తక్కువ ఉప్పు కొనాలనుకుంటే ముందు అవి తెలియాలి. అందులో సోడియం బదులు కొంత పొటాషియం వేస్తారు, మామూలు వాళ్ళకి మంచిదే, కిడ్నీ బాగాలేని వాళ్ళకి, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్ళకి పొటాషియం పెరిగి గుండెకి ప్రమాదం. ఈసారి చెకప్‌కి వెళ్ళినప్పుడు ఆ ప్యాకెట్ ఫొటో తీసి డాక్టర్‌కి చూపించి అడగండి, కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ రిపోర్ట్ కూడా పట్టుకెళ్ళండి.