యూఎస్‌బీ ఉన్న ప్రతి మిక్సర్‌లోనూ ట్రాకులు విడిగా రావండీ

నమస్తే అండీ. మల్లేశ్వరం కచేరీ రికార్డింగ్‌లో మృదంగం గొంతును మింగేసిందని, తర్వాత తగ్గించడం కుదరలేదని రాశారు కదా. మీ మైకులు బాగానే ఉన్నాయి. మీ మిక్సర్ యమహా ఎంజీ10ఎక్స్‌యూ యూఎస్‌బీ నుంచి పంపేది స్టీరియో మిక్స్ (అన్ని మైకుల శబ్దాలూ కలిసిన ఎడమ, కుడి జత) ఒక్కటే. చారులో కలిసిపోయిన ఉప్పులాగే, అందులోంచి మృదంగాన్ని విడదీయడం కష్టం.

కాబట్టి కొనేముందు "యూఎస్‌బీ ఉందా" అని కాదు, "ఒకేసారి ఎన్ని ట్రాకులు (ఒక్కో మైకుకు ఒక్కో రికార్డింగ్) విడిగా రికార్డవుతాయి" అని అడగండి. మీకు గాత్రం రెండు, వయొలిన్ ఒకటి, మృదంగానికి రెండువైపులా రెండు, ఘటం ఒకటి, తంబూర ఒకటి, మొత్తం 7 ఇన్‌పుట్లు.

నా ఓటు జూమ్ లైవ్‌ట్రాక్ ఎల్-12 అనే మిక్సర్‌కే. ల్యాప్‌టాప్ టెన్షన్ లేకుండా ఎస్‌డీ కార్డు మీదే 12 ఛానళ్లు విడివిడిగా, వాటితోపాటు స్టీరియో మిక్స్ కూడా రికార్డవుతాయి. మానిటర్ మిక్సులు, అంటే కళాకారులు తమకు వినడానికి వేర్వేరుగా పెట్టుకునే మిక్సులు, 5 ఇవ్వొచ్చు. వయొలిన్ ఆవిడకు గాత్రం వినపడని సమస్యా తీరుతుంది. బెరింగర్ ఎక్స్ఆర్18 కూడా మంచిదే, 18 ఛానళ్లు ఇస్తుంది. కానీ దాన్ని ట్యాబ్ లేదా కంప్యూటర్‌లోంచే నడపాలి, ట్రాకులు విడివిడిగా రికార్డు చేయడానికి ల్యాప్‌టాప్ కావాలి. పాడుతూ మిక్సర్ చూసుకునే మీకు చేతికందే ఫేడర్లే (శబ్దం పెంచే, తగ్గించే జారుడు మీటలే) మేలు.

బెంగళూరు ఎస్పీ రోడ్‌లో ఒక చిన్న యూపీఎస్ కూడా తీసుకోండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు రికార్డింగ్ ఆగిపోకూడదు.