అమెరికాలో మంచు, గుంటూరులో టెన్షన్

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అట్లాంటా పక్కన ఆల్ఫారెటాలో ఉంటారు. పోయిన చలికాలంలో యాప్ సోమవారం ఆరు అంగుళాల స్నో అంది, బుధవారం రెండు అంది, తీరా శుక్రవారం వాన పడి ఊరుకుంది. నాకు మాత్రం వారమంతా నిద్ర లేదు. అంత పెద్ద దేశంలో ఈ మాత్రం చెప్పలేరా? ముందురోజే రోడ్ల మీద ఉప్పునీళ్లు చల్లారట, అది దండగ ఖర్చు కాదా? ఈసారి ఏం చూసి నమ్మాలి?
— ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మా అబ్బాయి మిషిగన్‌లో ఉన్న రోజుల్లో నేనూ ఇక్కడ లక్ష్మీపురంలో కూర్చుని ఫోన్‌లో డెట్రాయిట్ వాతావరణం చూస్తుండేవాణ్ణి. తర్వాత ఒక చలికాలం అక్కడే గడిపాను. కాలేజీలో పిల్లలకు నల్లబల్ల మీద చెప్పిన ఘనీభవన స్థానం మనిషి ప్రాణానికి ఎంత దగ్గరి విషయమో అక్కడి రోడ్ల మీద అర్థమైంది. అందుకే మీ ఉత్తరానికి కాస్త వివరంగా రాస్తున్నాను.

డెట్రాయిట్‌లో జనవరిలో చలికి లోటుండదు. మంచు ఎంత పడుతుందన్నదే అక్కడ ఎక్కువగా వచ్చే ప్రశ్న. అట్లాంటాలో అలా కాదు, అసలు పడేది మంచా, వానా అన్నదే తేలదు. మేఘంలో పుట్టిన మంచు కిందికి దిగేటప్పుడు మధ్యలో కొన్ని వందల మీటర్ల మందాన వెచ్చటి గాలి పొర తగిలితే కరిగిపోతుంది. ఆ కింద చల్లగాలి మందంగా ఉంటే మళ్లీ గడ్డకట్టి సన్నటి గుళికల్లా రాలుతుంది. చల్లటి పొర పల్చగా ఉంటే నీళ్లుగానే వచ్చి, రోడ్డును తాకగానే గాజులా బిగుసుకుంటుంది. చల్లటి పొర లేకపోతే మామూలు వానే. వీటి మధ్య తేడా ఒకటి రెండు డిగ్రీలు. పైగా ఒక అంగుళం వాననీరు మంచుగా మారితే దాదాపు పది అంగుళాలవుతుంది కాబట్టి, నీటి లెక్కలో చిన్న తేడా మంచు లెక్కలో పెద్దదైపోతుంది.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను గుర్తుందా? నెల్లూరుకూ మచిలీపట్నానికీ మధ్య తీరం దాటుతుందన్నారు, 5వ తేదీన బాపట్ల దగ్గర దాటింది. మచిలీపట్నంలో దాటలేదని వాతావరణ శాఖ తప్పు చెప్పిందని మనం అనలేదు కదా. మంచు తుపానుకూ అంతే, దారి కొద్దిగా జరిగితే ఊళ్ల తలరాత మారిపోతుంది. 2015 జనవరి చివర్లో న్యూయార్క్‌కు రెండడుగులకు పైగా మంచు పడొచ్చని సబ్‌వే రైళ్లు కూడా ఆపేశారు. తుపాను తూర్పుకు జరిగింది. సెంట్రల్ పార్కులో 9.8 అంగుళాలే పడింది. అదే తుపాను బోస్టన్‌లో రెండడుగులు కురిపించింది.

యాప్ చూపించే ఒక్క అంకెను పట్టుకోకండి. ఐరోపా వాతావరణ కేంద్రం ఒకే లెక్కను మొదట్లో చిన్న చిన్న తేడాలు పెట్టి యాభై సార్లు వేస్తుంది. యాభైలో ఎక్కువ భాగం ఒకే మాట చెబితే నమ్మకం పెరుగుతుంది, తలో దారి పడితే తగ్గుతుంది. ఆ చీలిక యాప్ అంకెలో కనపడదు. అమెరికా నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్లు కనిష్ఠం ఇంత, గరిష్ఠం ఇంత అని విడివిడిగా మ్యాపులు ఇస్తారు. అవి చూడమని మీ అమ్మాయికి చెప్పండి. వారం ముందు చెప్పిన అంగుళాలను నేనైతే పట్టించుకోను. వాళ్ల హెచ్చరికల్లో ‘వాచ్’ అంటే అవకాశం ఉంది, సిద్ధంగా ఉండమని. ‘వార్నింగ్’ అంటే దాదాపు ఖాయమని.

అంగుళాలు తక్కువని ధీమాగా ఉండటం కూడా నాకు నచ్చదు. 2014 జనవరి 28న అట్లాంటాలో పడింది 2.6 అంగుళాలే. మధ్యాహ్నం మంచు మొదలవగానే ఆఫీసులు, స్కూళ్లు ఒకేసారి వదిలేశారు. టైర్ల కింద నలిగి కరిగిన మంచు మళ్లీ గడ్డకట్టింది. కార్లు ఇరుక్కుపోయాయి, వాటి మధ్యలో ఉప్పు లారీలు కూడా చిక్కుకున్నాయి. ఎంతోమంది పిల్లలు ఆ రాత్రి స్కూళ్లలోనే పడుకున్నారు. ఆ తల్లుల గురించి ఆలోచిస్తే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక ఉప్పునీళ్లు. అది దండగ కాదమ్మా. ఉప్పు రోడ్డును వేడి చేయదు, నీరు గడ్డకట్టే డిగ్రీని కిందికి దించుతుంది. చల్లేది సుమారు 23 శాతం ఉప్పు ఉన్న నీరు. ముందే చల్లితే గడ్డ రోడ్డుకు అతుక్కోదు, తర్వాత గీకెయ్యడం సులువు. అతుక్కున్నాక కరిగించాలంటే చాలా ఎక్కువ ఉప్పు కావాలి. మిషిగన్‌లో తుపానుకు ముందు రోడ్డు పొడవునా ఆరిన తెల్లటి చారలు కనిపిస్తే నాకు ధైర్యంగా ఉండేది. దీనికీ హద్దులున్నాయి. మంచుకు ముందు వాన పడితే ఉప్పంతా కొట్టుకుపోతుంది, అట్లాంటాలో ఆ బెడద ఎక్కువ. రోడ్డు 15 ఫారెన్‌హీట్ (మన లెక్కలో దాదాపు మైనస్ 9 డిగ్రీలు) కన్నా చల్లబడితే మామూలు ఉప్పు బాగా మందగిస్తుంది. అప్పుడు కాల్షియం క్లోరైడ్ కలుపుతారు, పట్టు కోసం ఇసుక గానీ సన్న కంకర గానీ వేస్తారు. కారు అడుగుభాగం తుప్పు పట్టకుండా తర్వాత కడిగించమనండి.

మీ అమ్మాయిని ‘ఎన్ని అంగుళాలట?’ అని కాకుండా, రాత్రికి రోడ్డు 32 ఫారెన్‌హీట్ (నీరు గడ్డకట్టే డిగ్రీ, మన సున్నా) కిందికి దిగుతుందా, దారిలో ఫ్లైఓవర్లు ఉన్నాయా, మర్నాడు ఇంటి నుంచి పని చేసుకోవచ్చా అని అడగండి. వంతెనలకు పైనా కిందా చల్లగాలే కాబట్టి అవే ముందు గడ్డకడతాయి. ఇంట్లో పాలు, మందులు, బ్యాటరీలు ఉంటే రెండు రోజులు కదలకపోయినా ఏమీ కాదు. వాళ్లు కారులో ఉన్నప్పుడు మాత్రం ఫోన్ చేయకండి.

ప్రశ్న: ఎం.ఎస్. కోసం డాలస్ వెళ్తున్నాను. టెక్సాస్‌లో స్నో సమస్యే ఉండదని సీనియర్లు అంటున్నారు, నిజమేనా సార్?
— ఒక విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: స్నో తక్కువే బాబూ, ఐస్ ఉంటుంది, అదే ఎక్కువ ప్రమాదం. 2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున ఫోర్ట్‌వర్త్‌లో గడ్డకట్టే వాన వల్ల ఒకే చోట 130 దాకా వాహనాలు గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. అక్కడ మంచు గుట్టలేమీ లేవు, కంటికి కనపడని పల్చటి పొర మాత్రమే. మరికొద్ది రోజులకే ఆ రాష్ట్రంలో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. మందపాటి జాకెట్ కొనుక్కో. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్న వాడివైతే, ‘ఫ్రీజింగ్ రెయిన్’ అనే మాట విన్న రోజు క్లాసు పోయినా సరే, బయటికి వెళ్లకు.

ప్రశ్న: మన విజయవాడలో ఎప్పటికైనా స్నో పడుతుందా?
— ఒక పాఠకుడు, గవర్నర్‌పేట

జవాబు: పడదు. జనవరి రాత్రుల్లో కూడా మన దగ్గర సాధారణంగా 18, 19 డిగ్రీలు ఉంటుంది. చలికాలంలో మన రోడ్ల ప్రమాదం పొగమంచు. దానికి చల్లే ఉప్పు ఏదీ లేదు. తెల్లవారుజామున హైదరాబాద్ రోడ్డు ఎక్కేవాళ్లు హైబీమ్ వేయకండి, ఆ వెలుగు పొగమంచు మీద పడి తిరిగి మన కళ్లలోకే వస్తుంది. లోబీమ్‌తో నెమ్మదిగా వెళ్లండి. ముందు లారీ కనపడకపోతే రోడ్డు మీద ఆపకుండా ఏదో ఒక పెట్రోల్ బంకులోకి తిప్పి, ఎండ వచ్చేదాకా ఆగండి.