ఫాల్ బీర్లు రుచి చూద్దాం రమ్మంటే

సెప్టెంబరు రాగానే అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్ళు అడిగే సందేహం ఒకటుంది. "ఆఫీసువాళ్ళు శనివారం బ్రూవరీకి వెళ్దామంటున్నారు. ఏవో ఫాల్ బీర్లట. అక్కడ ఏం అడగాలి? తాగకపోతే ఏమైనా అనుకుంటారా? తాగితే ఇంటికెలా రావాలి?" ఫాల్ అంటే ఇక్కడి శరదృతువు, బ్రూవరీ అంటే బీరు కాచే చోటు. అందరూ చివర అడిగే ప్రశ్నకే నేను ముందు జవాబు చెబుతాను.

తాగి బండి నడపకండి. రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం ఉంటే డీయూఐ (తాగి బండి నడిపిన) కేసు పెడతారు. యూటాలో అయితే 0.05 శాతానికే. ఇది అందరికీ వర్తించే చట్టం. వీసా మీద ఉన్నవాళ్ళకు దీనికి తోడు ఇంకో చిక్కుంది. 2015 నుంచి అమలులో ఉన్న విధానం ప్రకారం, డీయూఐ కింద అరెస్టయితే చాలు, కోర్టు తీర్పు రాకముందే విదేశాంగ శాఖ వీసాను రద్దు చేయవచ్చు. వీసా రద్దయినంత మాత్రాన ఇక్కడి మీ స్టేటస్ వెంటనే పోదు. కానీ దేశం దాటితే కొత్త వీసా తెచ్చుకోవాలి. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో అరెస్టు గురించి అడిగే ప్రశ్నకు అవునని రాయాలి, డాక్టరు దగ్గర పరీక్షకూ వెళ్ళాల్సి రావచ్చు. కేసు కొట్టేసినా అరెస్టు అరెస్టే. "రెండే కదా తాగాను, బాగానే ఉన్నాను" అనిపించినప్పుడే ఊబర్ పిలవండి. లేదా ఆ రోజు తాగని మనిషి ఎవరో బయల్దేరేముందే తేల్చుకోండి.

ఇంటికి తీసుకెళ్ళేందుకు బ్రూవరీలో బీరు సీసాలో పోయించుకుంటే దాన్ని డిక్కీలోనే పెట్టండి. మూత తీసిన సీసా సీట్ల దగ్గర ఉండటం చాలా రాష్ట్రాల్లో నేరం, తాగింది పక్క సీట్లో కూర్చున్నాయన అయినా సరే.

వయసు 21 నిండాలి. ఐడీ అసలుది ఉండాలి, ఫోన్లో ఫొటో పనికిరాదు. ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు ఇంకా రాకపోతే పాస్‌పోర్టు తీసుకెళ్ళండి. జుట్టు నెరిసిన నన్నూ అడుగుతారు, అందులో చిన్నబుచ్చుకోవాల్సిందేమీ లేదు. గుంపులో 21 నిండని స్టూడెంట్ ఎవరైనా ఉంటే, సరదాకైనా మీ గ్లాసు అతని చేతికివ్వకండి.

ఇక అసలు విషయం. బ్రూవరీలో బీరు పోసిచ్చే ట్యాప్‌రూమ్‌లో కూర్చోగానే పింట్ (పెద్ద గ్లాసు) అడగకుండా ఫ్లైట్ అడగండి. నాలుగైదు ఔన్సుల (ఔన్సు దాదాపు 30 మిల్లీలీటర్లు) చిన్న గ్లాసులు నాలుగో, ఐదో చెక్క పలక మీద పెట్టి ఇస్తారు. నచ్చనిది వదిలేసినా పోయేది కొంచెమే. అలాగని లెక్క మరవద్దు. అమెరికాలో ఒక డ్రింక్ అంటే 5 శాతం బీరు 12 ఔన్సులు. 6 శాతం బీర్లు, ఐదేసి ఔన్సుల గ్లాసులు నాలుగు తాగితే రెండు డ్రింకులు పూర్తయినట్టే. సదరన్ టియర్ బ్రూవరీ వాళ్ళ పంప్‌కింగ్ అనే గుమ్మడికాయ బీరు 8.6 శాతం ఉంటుంది. అది 12 ఔన్సుల సీసా ఒకటి తాగితే పావుతక్కువ రెండు డ్రింకులు. మెనూలో పేరు పక్కనుండే ఏబీవీ (ఆల్కహాల్ శాతం) అంకె చూసి ఎంచుకోవడం మొదటిరోజు నుంచే అలవాటు చేసుకోండి.

ఫాల్‌లో ప్రతి చోటా కనిపించేది ఆక్టోబర్‌ఫెస్ట్ బీరు. అమెరికాలో ఆ పేరుతో అమ్మేది ఎక్కువగా మెర్ట్‌సెన్ రకం. రాగి రంగులో ఉంటుంది, కాల్చిన రొట్టె వాసన వస్తుంది, చేదు తక్కువ. వేసవి వేడికి బీరు చెడిపోతోందని 1553లో బవేరియాలో ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 వరకు బీరు కాచడం నిషేధించారు. అందుకని మార్చిలోనే కాస్త గట్టిగా కాచి, చల్లని నేలమాళిగల్లో దాచి, వేసవిలోనూ శరదృతువులోనూ తాగేవారు. ఆ బీరే మెర్ట్‌సెన్. మ్యూనిక్‌లో జరిగే అసలు ఆక్టోబర్‌ఫెస్ట్ ఉత్సవంలో మాత్రం ఇప్పుడు పోసేది లేత బంగారు రంగు ఫెస్ట్‌బియర్. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది మెర్ట్‌సెనే. బీరు చేదంటే ముఖం చిట్లించేవాళ్ళు కూడా దీన్ని కాదనరు.

గుమ్మడికాయ బీర్ల మీద నాకంత మోజు లేదు. వలస పాలన రోజుల్లో మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) దొరక్క ఇక్కడ గుమ్మడికాయతో బీరు కాచేవారు. 1980లలో కాలిఫోర్నియాలోని హేవర్డ్‌లో బఫెలో బిల్స్ బ్రూవరీ దాన్ని మళ్ళీ మొదలుపెట్టింది. గుమ్మడికాయకు తనదంటూ పెద్ద రుచి లేదు. మనకు తగిలేదంతా దాల్చినచెక్క, జాజికాయ, లవంగం, అల్లం. కొన్నింటిలో తీపి మరీ ఎక్కువ. రుచి చూడాలనుకుంటే డాగ్‌ఫిష్ హెడ్ బ్రూవరీ వాళ్ళ పంకిన్ ఏల్ చూడండి. 7 శాతం ఉంటుంది, మసాలా మాత్రం మితంగా వేస్తారు.

నా ఓటు ఫ్రెష్ హాప్ బీరుకే. బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే పూలైన హాప్స్‌ను మామూలుగా కోసిన వెంటనే ఎండబెట్టి, ఏడాది పొడవునా వాడతారు. ఫ్రెష్ హాప్ బీరులో ఎండబెట్టకుండా, కోసిన ఒకరోజు లోపే పచ్చివే వేస్తారు. అమెరికాలో పండే హాప్స్‌లో ఎక్కువ భాగం వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయది. ఆగస్టు చివర కోత మొదలవుతుంది. సియాటిల్, పోర్ట్‌లాండ్ బ్రూవరీల లారీలు అక్కడికే వెళ్ళి నింపుకొస్తాయి. అందుకే ఆ వైపు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. దూరంగా ఉంటే కోత కాలానికి పెద్ద కంపెనీలు తెచ్చేవి వెతకండి. సియెరా నెవాడా కంపెనీ వాళ్ళు 1996లోనే పచ్చి హాప్స్‌తో హార్వెస్ట్ ఏల్ కాచారు. అప్పుడే కోసిన గడ్డి, నిమ్మతొక్క, ఒక్కోసారి పైన్ ఆకుల వాసన. ఆ వాసన ఎక్కువ రోజులు నిలవదు కాబట్టి క్యాన్ అడుగున ప్యాకింగ్ తేదీ చూసి కొనండి. నెల దాటితే కొనకండి.

స్నేహితులు కలిసి ఇంట్లో రుచి చూసేట్టయితే ఒక్కొక్కరు ఒక్కో రకం తెస్తే చాలు, అందరూ తలా మూడు ఔన్సులు పంచుకోవచ్చు. క్యాన్‌తో తాగకండి, వాసన తెలియాలంటే గ్లాసులో పోయాలి. ముందు మెర్ట్‌సెన్, తర్వాత ఫ్రెష్ హాప్, ఆ పైన గుమ్మడికాయవి, చివర ఆల్కహాల్ బాగా ఎక్కువున్న గట్టివి. హాప్స్ చేదు నాలుక మీద పడ్డాక మెర్ట్‌సెన్ చప్పగా తోస్తుంది, మసాలా పడ్డాక తేలికపాటివేవీ తెలియవు. నల్లటి, గట్టి బీర్లను పావుగంట ముందే ఫ్రిజ్ లోంచి తీసిపెట్టండి. మరీ చల్లగా ఉంటే వాటిలో రుచి బయటకు రాదు. మధ్యమధ్యలో మంచినీళ్ళు తాగుతుండాలి.

పాలు పడనివాళ్ళు, పాలు కూడా ముట్టని శాకాహారులు స్టౌట్లలో (నల్లటి బీర్లలో) లాక్టోజ్ ఉందేమో అడగండి, అది పాలలోని చక్కెర. పళ్ళతోటల్లో పిల్లలకు పోసే యాపిల్ సైడర్‌లో ఆల్కహాల్ ఉండదు, "హార్డ్" అని ఉంటేనే ఉంటుంది.

తాగనివాళ్ళూ నిశ్చింతగా వెళ్ళవచ్చు. "ఈరోజు నేను డ్రైవ్ చేస్తున్నా" అంటే ఎవరూ రెండోసారి అడగరు. చాలాచోట్ల రూట్ బీర్ దొరుకుతుంది, అందులో ఆల్కహాల్ ఉండదు. నాన్-ఆల్కహాలిక్ అని రాసి ఉన్నవాటిలో 0.5 శాతం లోపు ఉండవచ్చు, అదీ వద్దనుకుంటే 0.0 అని ఉన్నది అడగండి. బిల్లు ఎవరిది వారే కట్టుకుంటారు. టిప్పు గ్లాసుకో డాలరు, ఫ్లైట్‌కైతే ఇంకాస్త ఇవ్వండి.